టక్కు పోయింది, టక్కరి మిగిలింది

మధ్యాహ్నం పూట మా అక్క కూతుర్ని నిద్రపుచ్చడం ఇంట్లో ఒక పెద్ద కార్యక్రమం. నాలుగేళ్ల పిల్ల. పది నిమిషాలు జోకొట్టాక కళ్లు మూసుకుంటుంది. ఊపిరి కూడా నిజంగా నిద్రపోయినవాళ్లలాగే నిదానంగా, బరువుగా తీస్తుంది. హమ్మయ్య అనుకుని అందరూ మునివేళ్ల మీద గది బయటికి నడుస్తుంటే, ఎడమ కన్ను సన్నగా తెరిచి ఎంతమంది వెళ్లిపోయారో చూసుకుంటుంది. మొన్న సరిగ్గా అదే సమయానికి మా అమ్మ వెనక్కి తిరిగింది. "ఓసి టక్కరిదానా!" అంది. పిల్ల పకపకా నవ్వింది. ఇంకెక్కడి నిద్ర!

ఆ మాట విని చాలా రోజులైంది. దాని స్థానంలో ఇంకో మాట పెట్టి చూద్దామని నాలో నేనే ప్రయత్నించాను. "ఓసి మోసగత్తె" అంటే గదిలో నవ్వు ఆగిపోతుంది. "దగాకోరు" అంటే అదేదో ధర్నాలో నినాదంలా ఉంటుంది. "వంచకురాలా" అంటే పౌరాణిక నాటకంలో తెర లేచినట్టే. "జిత్తులమారి" కొంచెం దగ్గరికొస్తుంది కానీ, ఆ మాట వెనకాల ఎప్పుడూ ఒక నక్క ఉంటుంది. టక్కరి మాత్రమే అక్కడ అమరింది. తిట్టులో తిట్టూ ఉంది, ముద్దూ ఉంది, "భలే నటించావే" అన్న మెచ్చుకోలూ ఉంది.

టక్కు అనే నామవాచకం నుంచి టక్కరి పుట్టింది. చిత్రమేమిటంటే ఇప్పుడు టక్కరి తెలిసినవాళ్లకు టక్కు తెలియదు. ఇరవై ఏళ్ల మేనల్లుణ్ణి "టక్కు అంటే ఏంట్రా?" అని అడిగితే, "షర్టు ప్యాంటులోకి దోపుకోవడం" అన్నాడు. వాడి తప్పు లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

1852 నాటి బ్రౌన్ నిఘంటువు మొదలుకొని ఏది తెరిచినా టక్కుకు మాయ, కపటం, మోసం అని ఒక్క గుక్కలో అర్థం చెప్పేస్తారు. అది తప్పు కాదు గానీ సరిపోదు. ఈ మాటలన్నీ ఒకే వీధిలో ఉంటాయి కానీ ఒకే ఇంట్లో ఉండవు. నా ఉద్దేశంలో టక్కుకీ మోసానికీ తేడా చాలా స్పష్టం. మోసం అన్నది పోగొట్టుకున్నవాడి వైపు నుంచి పుట్టిన మాట. టక్కు అన్నది చేసేవాడి నేర్పు వైపు నుంచి పుట్టిన మాట.

ఇది ఊరికే అనిపించి అన్నది కాదు, వ్యాకరణంలోనే సాక్ష్యం ఉంది. మోసానికి గురైనవాడు "మోసపోయాడు". దగాకు గురైనవాడు "దగాపడ్డాడు". వంచనకు గురైనవాడు "వంచితుడు". మరి టక్కుకు గురైనవాడు? "టక్కుపోయాడు" అనం, "టక్కుపడ్డాడు" అనం. అలాంటి మాట భాషలో లేనే లేదు. టక్కులో బాధితుడికి కుర్చీ వెయ్యలేదన్నమాట. అక్కడ ఉన్నది చేసేవాడు, చూసేవాడు మాత్రమే. చూసేవాడు నమ్మితే నమ్మాడు, లేకపోతే లేదు. నమ్మకపోయినా అది టక్కే. మా మేనకోడలి దొంగనిద్ర దొరికిపోయింది, అయినా అది టక్కు కాకుండా పోలేదు. అదే మోసమైతే, ఎవరూ మోసపోకుండా పూర్తి కాదు. మధ్యలో బయటపడితే "మోసం చెయ్యబోయాడు" అంటాం.

మోసం అనే మాటలో నష్టం ఎంత లోతుగా ఉందో చెప్పడానికి ఒక పాత వాడుక ఉంది. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆసుపత్రి నుంచి వచ్చి "ప్రాణానికేం మోసం లేదట" అనేవాళ్లు. అక్కడ ఎవరూ ఎవర్నీ మభ్యపెట్టడం లేదు. మోసం అంటే ప్రమాదం, హాని, అంతే. పక్కనున్న తమిళం ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ ఇవాళ "మోసం" అంటే బాగోలేదు, పరిస్థితి చెడ్డగా ఉంది అని. తమిళ స్నేహితుడు "సినిమా మోసం" అన్నాడంటే టికెట్ డబ్బులు కొట్టేశారని కాదు, సినిమా బాగోలేదని. రెండు భాషల్లోనూ ఆ మాట తూకం వేసేది చెడునే, చేతివాటాన్ని కాదు.

కాబట్టి ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో పక్కపక్కన, ఒకదాని పని ఒకటి చేసుకుంటూ ఉండగలవు: "వాడి టక్కు చూసి నమ్మాడు, నిలువునా మోసపోయాడు." ఇందులో ఆ రెంటినీ అటూఇటూ మార్చి చూడండి. వాక్యం కుంటుతుంది.

మిగతా చుట్టాల గురించి రెండు ముక్కలు. దగా పారసీ నుంచి వచ్చింది. దగాకోరులోని "కోరు" కూడా అక్కడిదే, తినేవాడు అని అర్థం. చాడీకోరు, లంచకోరు అన్నప్పుడూ అదే తోక. దగాలో కోపం ఎక్కువ, అందుకే అది సభల్లో, కరపత్రాల్లో బాగా పలుకుతుంది. బూటకం మనిషి గురించి కాదు, వస్తువు గురించో సంఘటన గురించో చెబుతుంది: బూటకపు వాగ్దానం, బూటకపు ఎన్‌కౌంటర్. కల్ల అంటే ఇప్పుడు అబద్ధమే కానీ, కన్నడంలో కళ్ళ, తమిళంలో కళ్ళన్ అంటే దొంగ. అబద్ధం, దొంగతనం ఒకే తల్లి పిల్లలన్నమాట. వంచన కావ్యాలకీ కోర్టు కాగితాలకీ పరిమితమైపోయింది, ఒక్క "ఆత్మవంచన" తప్ప. మనిషి తనను తాను వంచించుకోగలడు. తన మీద తానే టక్కు మాత్రం చెయ్యలేడు, ఎందుకంటే టక్కుకు చూసేవాడు ఒకడు వేరే ఉండాలి.

చట్టం సంగతి మరీ సరదా. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో 420వ సెక్షను జనం నోట్లో ఏకంగా నామవాచకం అయిపోయింది. "వాడో ఫోర్‌ట్వంటీగాడు" అనడానికి లా చదవక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షను ఇచ్చారు. "వాడో త్రీ ఎయిటీన్‌గాడు" అనే రోజు వస్తుందనుకోను.

కంచరి, జూదరి, టక్కరి

టక్కరి అనే మాటను విరిచి చూస్తే టక్కు, అరి. ఈ "అరి" అన్న తోక తెలుగులో ఎవరికి తగులుతుందో గమనించండి. నేర్పు ఉన్నవాడు నేర్పరి. కంచు పని చేసేవాడు కంచరి. జూదమాడేవాడు జూదరి. కల్లలాడేవాణ్ణి పాత తెలుగులో కల్లరి అన్నారు. అంటే ఒక పని చేతిలో ఉన్నవాడు, అదే తన వృత్తో వ్యసనమో అయినవాడు. టక్కరి కూడా ఆ వరసలోనివాడే. ఒకసారి ఏదో అవసరానికి అబద్ధమాడితే టక్కరి కాడు. చెయ్యి తిరగాలి.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. మోసగాడు అంటే మగవాడు, ఆడవాళ్లకు మోసగత్తె అని వేరే మాట వెతుక్కోవాలి. టక్కరికి ఆ బెడద లేదు. టక్కరి పిల్ల, టక్కరి పిల్లాడు, టక్కరి ముసలాయన, అందరికీ ఒకటే. పైగా అది విశేషణంగా కూడా హాయిగా కూర్చుంటుంది: టక్కరి చూపు, టక్కరి నవ్వు. ఇక్కడ మోసం పెట్టి "మోసపు నవ్వు" అంటే అర్థమే మారిపోతుంది. టక్కరి నవ్వు నవ్వినవాడు మనకేదో దాస్తున్నాడని తెలుస్తుంది కానీ, వాడంటే భయం వెయ్యదు.

సినిమావాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పకుండానే తెలుసు. 2002లో వచ్చిన కౌబాయ్ సినిమాకు "టక్కరి దొంగ" అని పేరు పెట్టారు, ఆ దొంగే హీరో. మరి 1971లో "మోసగాళ్లకు మోసగాడు" వచ్చింది కదా, అందులోనూ హీరోయే కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. కానీ ఆ పేరే చూడండి. మోసగాణ్ణి హీరో చెయ్యాలంటే అవతలివాళ్లు కూడా మోసగాళ్లే అని ముందుగానే చెప్పుకోవలసి వచ్చింది. టక్కరికి అలాంటి పూచీకత్తు అవసరం పడలేదు.

కప్పేవాడు, కప్పు తీసేవాడు

అచ్చతెలుగు మాటలు ట, డ లాంటి అక్షరాలతో మొదలవడం అరుదు. తెలుగు, తమిళం లాంటి భాషలకు తల్లి అనదగ్గ మూలద్రావిడంలో అలా మొదలయ్యే మాటలు లేవని భాషాశాస్త్రం చెబుతుంది. ఇప్పుడు మనకు కనిపించేవాటిలో కొన్ని ధ్వనిని అనుకరించేవి, టకటక, టపటప లాంటివి. కొన్ని కాలక్రమంలో మారినవి. టెంకాయ ఒకప్పుడు తెంకాయే, తమిళంలో ఇప్పటికీ తేంగాయ్. ఇంకొన్ని బయటినుంచి వచ్చినవి.

టక్కు ఏ గుంపులోది? పక్కిళ్ల తలుపు తట్టి చూస్తే కన్నడంలో ఠక్క ఉంది, వంచకుడు అని అర్థం. మరాఠీలో ఠక ఉంది. పెద్ద ఎత్తున మోసాలు చేసేవాణ్ణి మరాఠీవాళ్లు "ఠకసేన్" అంటారు. అదేదో పురాణ పురుషుడి పేరులా ఎంత దర్జాగా ఉందో! హిందీలో ఠగ్ సరే సరి. ఈ నలుగుర్నీ ఒక వరసలో నిలబెడితే మొహాల పోలిక దాగదు. నోటి తెలుగు వత్తుల్ని ఎక్కువసేపు మొయ్యదు కాబట్టి ఠక్కు టక్కుగా తేలికపడడంలో వింతేమీ లేదు. ఒకే కుటుంబమనే నా మొగ్గు.

హిందీ ఠగ్‌కు పైన సంస్కృతంలో స్థగ ఉంది, ధూర్తుడు అని. దాని ధాతువు స్థగ్, అంటే కప్పడం, దాచడం. ఇక్కణ్ణుంచి కథ భలే మలుపులు తిరుగుతుంది. హిందీ వార్తల్లో సభ వాయిదా పడితే "స్థగిత్" అంటారు చూడండి, అదీ ఈ ధాతువుదే. కప్పిపెట్టింది కాస్తా పక్కకు పెట్టింది అయింది. సంస్కృతానికి దూరపు చుట్టమైన లాటిన్‌లో ఇదే మూలం నుంచి "తెగెరె" వచ్చింది, కప్పడమనే అర్థం. ఇంటి మీద కప్పే పెంకును ఇంగ్లిష్‌లో టైల్ అనడం, పూరికప్పును థాచ్ అనడం, మీదికొచ్చి కప్పి కాపాడితే ప్రొటెక్ట్ అనడం, అన్నీ ఆ ఇంటివే. ఇక "డి" అనే ఉపసర్గ తగిలించి కప్పు తీసేస్తే డిటెక్ట్. అంటే ఠగ్, డిటెక్టివ్ ఒకే వేరు నుంచి మొలిచిన రెండు కొమ్మలు. ఒకడు కప్పుతాడు, ఇంకొకడు ఆ కప్పు లాగేస్తాడు. ఇది నాకు మొదటిసారి తెలిసిన రోజు ఇంట్లో అందరికీ చెప్పి విసిగించాను.

ఠగ్గులు అనే దారిదోపిడీ ముఠాలవాళ్లు చరిత్రలోకి ఎక్కింది మాత్రం బాటసారుల మెడకు ఉరి బిగించి. మద్రాసులో పనిచేసిన రిచర్డ్ షెర్వుడ్ అనే వైద్యుడు 1816లో వీళ్ల మీద ఒక వ్యాసం రాశాడు. ఉత్తరాదివాళ్లు వీళ్లను ఠగ్గులు, అంటే మభ్యపెట్టేవాళ్లు అంటారనీ, దక్షిణాదిన ఫాంసీగర్లు, అంటే ఉరి వేసేవాళ్లు అంటారనీ చెబుతూ, ఏ భాషలో ఏమంటారో కూడా పట్టిక వేశాడు. తెలుగులో ఏమంటారన్న చోట ఇంగ్లిష్ అక్షరాల్లో "వార్లు వాండ్లు", "వార్లు వేషే వాండ్లు" అన్నట్టు రాసుకున్నాడు. రెండుసార్లు పైకి చదివితే గానీ తెలియలేదు నాకు. అది "ఉర్లు వేసేవాండ్లు"! కన్నడంలో "తంతి కళ్ళరు", తీగతో ఉరి వేసే దొంగలు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఉత్తరాది పేరు వాళ్ల టక్కును పట్టుకుంది, మన పేరు వాళ్ల చేతిలోని తాడును పట్టుకుంది. నిజానికి వాళ్ల పద్ధతిగా చెప్పినదాంట్లో తాడు చివరి నిమిషంలోనే వస్తుంది. అంతకుముందు రోజుల తరబడి బాటసారులతో కలిసి నడవడం, "దారిలో దొంగల భయం, కలిసి పోదాం" అని వాళ్లే ధైర్యం చెప్పడం, కబుర్లు, భోజనాలు. ఆ స్నేహమే అసలు పనిముట్టు. 1830లలో స్లీమన్ అనే అధికారి వీళ్ల మీద పెద్ద వేట సాగించాడు, 1836లో ప్రత్యేక చట్టమే తెచ్చారు. ఆనాటి అధికారులు రాసినదాంట్లో అతిశయోక్తి చాలా ఉందని తర్వాతి చరిత్రకారులు తప్పుపట్టారు, అది వేరే చర్చ.

మాట వరకు చూస్తే, ఆ హడావిడిలో ఠగ్ ఇంగ్లిష్‌లోకి ఎక్కింది, ఎక్కాక మారిపోయింది. ఇంగ్లిష్‌లో థగ్ అంటే ఇవాళ కండబలం చూపించే రౌడీ. తీయటి మాటలు చెప్పేవాడు కాదు, మెడ పట్టుకునేవాడు. అందులో టక్కు మొత్తం ఆవిరైపోయి తాడు మిగిలింది. అది అలాగే మళ్లీ మన కుర్రాళ్ల నోటికి "థగ్ లైఫ్" అంటూ తిరిగొచ్చింది. పుట్టింటికి వచ్చిన ఆడపడుచును ఎవరూ గుర్తుపట్టలేదు.

నాట్యవర్గంలో కపటం

టక్కు అంటే నేర్పు, నటన అని నేను పదేపదే అంటున్నాను కదా. దీనికి నాకు దొరికిన బలమైన తోడు అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువు. అందులో కపటానికి తొమ్మిది మాటలు ఒక వరసలో ఇస్తాడు అమరసింహుడు: కపటం, వ్యాజం, దంభం, ఉపధి, ఛద్మం, కైతవం, కుసృతి, నికృతి, శాఠ్యం. ఆ వరస ఉన్న చోటే ఆసక్తికరం. దొంగల గురించి చెప్పే చోట కాదు, నాట్యవర్గంలో. రసాలు, అభినయం, ఆశ్చర్యం, నవ్వు వీటన్నిటి మధ్య. కపటాన్ని మొదట ఒక భావంగా, అభినయంగా లెక్కవేశాడన్నమాట.

ఆ తొమ్మిదిలో కొన్ని మనకు ఇంకా ఏదో రూపంలో బతికే ఉన్నాయి. దంభం డంబమై, డాంబికాలు అయింది. వ్యాజం ఒంటరిగా కనబడదు గానీ నిర్వ్యాజమైన ప్రేమ అన్నప్పుడు లోపల కూర్చుని ఉంది, కల్మషం లేని ప్రేమ అని. ఛద్మం అంటే మళ్లీ కప్పడమే. గొడుగును ఛత్రం అనడానికీ, మారువేషాన్ని ఛద్మవేషం అనడానికీ వేరు ఒకటే. స్థగ్ ధాతువులాగే ఇదీ కప్పు దగ్గరే మొదలైంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది కైతవం. కితవుడు అంటే జూదరి. వాడి స్వభావం, వాడి పని కైతవం. ఋగ్వేదం పదో మండలంలో 34వ సూక్తం మొత్తం ఒక జూదరి గోడు. అన్నీ ఓడిపోయి, భార్య దూరమై, అత్తగారి అసహ్యం మూటగట్టుకుని, అయినా పాచికల చప్పుడు వింటే కాళ్లు అటే నడుస్తాయని చెప్పుకుంటాడు. చివరికి "పాచికలాడకు, పొలం దున్నుకో" అని వినబడుతుంది. గమ్మత్తేమిటంటే ఆ సూక్తంలో కితవుడు మోసం చేసినవాడిలా కనిపించడు, తనే చితికిపోయినవాడు. అలాంటివాడి పేరు మీద కపటానికి ఒక మాట పుట్టింది. జూదమాడేవాడి మొహం మీద ఏమీ కనిపించకూడదు, చేతిలో ఏముందో తెలియకూడదు. ఆ మొహమే కైతవం.

తొమ్మిదో మాట శాఠ్యం. శఠుడి గుణం. ఈ శఠుణ్ణి మనం ఇంకోచోట రోజూ కలుస్తున్నాం. వైష్ణవాలయాల్లో తల మీద పెట్టే శఠగోపం. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుకు శఠకోపుడని పేరు, ఆయన పేరు మీదే అది వచ్చింది. పవిత్రమైన వస్తువు. అయినా జనానికి భక్తి ఎంతో వెటకారమూ అంతే. ఎవరైనా డబ్బులు ఎగ్గొడితే "శఠగోపం పెట్టాడు" అనేశారు. చిట్టీల కంపెనీ మూతపడితే పేపర్లో "ఖాతాదారులకు శఠగోపం" అని హెడ్డింగు ఖాయం. ఆ మాటలోని శఠానికి కపటి అన్న అర్థం ఉందని హెడ్డింగు పెట్టినాయనకు తెలిసినా తెలియకపోయినా, అది భలే కుదిరింది.

ఆ మాటకొస్తే మనవాళ్లు మోసానికి వాడే జాతీయాల్లో ఎన్ని తల మీదికే వస్తాయో! టోపీ పెట్టాడు. కుచ్చుటోపీ పెట్టాడు. శఠగోపం పెట్టాడు. నుదుటి మీద పంగనామాలు పెట్టాడు. చెవిలో పువ్వు పెట్టాడు. అన్నీ మెడకు పైనే. అన్నీ "పెట్టడమే". స్థగ్, ఛద్ ధాతువుల్లో కప్పుకునేది మోసగాడు, తన్ను తాను దాచుకోవడానికి. మన జాతీయాల్లో మాత్రం కప్పేది ఎదుటివాడి నెత్తిన. అలంకారం చేసినట్టే చేసి పంపిస్తారు, వాడు ఆ టోపీతోనే ఊరంతా తిరుగుతాడు. ఇది ఎవరు మొదలుపెట్టారో గానీ మహా కసిగల ఊహ.

టక్కుటమారం

టక్కు అన్న నామవాచకం పూర్తిగా పోలేదు. టక్కుటమారం అనే జంటలో చిక్కుకుని మిగిలింది. "వాడి టక్కుటమార విద్యలు నా దగ్గర సాగవు" అంటారు. కొంచెం ఉత్సాహం ఎక్కువైతే "టక్కు టమార గజకర్ణ గోకర్ణ విద్యలు" అని పొడిగిస్తారు. జానపద సినిమాల్లో మాంత్రికుల పుణ్యాన ఆ వరస అందరి చెవుల్లోనూ ఉంది. గజకర్ణం ఏనుగు చెవి, గోకర్ణం ఆవు చెవి. చెవులకీ మాయకీ సంబంధం ఏమిటని ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ మాటల పని అర్థం చెప్పడం కాదు, మోత పుట్టించడం. గారడీవాడు ఎడమచేత్తో డమరుకం వాయిస్తూ కుడిచేత్తో గుడ్డు మాయం చేస్తాడు చూడండి, ఈ మాటల వరస ఆ డమరుకం లాంటిది.

జంటలో దాక్కుని బతకడం తెలుగు మాటలకు అలవాటే. కల్లబొల్లి కబుర్లు అంటాం, బొల్లిని విడిగా ఈ అర్థంలో వాడం. టమారం కూడా అంతే, టక్కు పక్కన తప్ప కనిపించదు. ఇప్పుడు టక్కుకు కూడా టమారం పక్కనే దిక్కు.

ఎందుకిలా అయింది? నాకు తోచిన కారణం ఒకటుంది, కొంచెం సిల్లీగా ఉంటుంది గానీ నమ్ముతాను. టక్కును మూడు మాటలు చుట్టుముట్టాయి. ఒకటి, టక్కున. "టక్కున ఆగాడు", "టక్కున గుర్తొచ్చింది". ఇది చప్పుడు నుంచి పుట్టిన మాట, దీనితో దానికి చుట్టరికం లేదు, కానీ రోజుకు పదిసార్లు నోటికొస్తుంది. రెండు, ఇంగ్లిష్ టక్. స్కూల్లో యూనిఫాం మొదలైన రోజు నుంచి "టక్ చేసుకున్నావా?" అని అమ్మలూ టీచర్లూ అరుస్తూనే ఉన్నారు. "వాడు టక్కు చేశాడు" అనే వాక్యం ఒకప్పుడు మనిషి గుణాన్ని చెప్పేది, ఇప్పుడు వాడి షర్టు గురించి చెబుతోంది. మా మేనల్లుడి జవాబు అందుకే. మూడోది ట్రిక్కు. అర్థంలో దగ్గర, పలకడానికీ దగ్గర. "నా దగ్గర టక్కులు చెయ్యకు" అనే చోట "నా దగ్గర ట్రిక్కులు ప్లే చెయ్యకు" వచ్చి కూర్చుంది. అద్దెకొచ్చినవాడు ఇంటి ఓనరైపోవడమంటే ఇదే. టక్కరికి ఈ ముగ్గురితోనూ పోటీ లేదు. అలాంటి మాట ఇంకొకటి లేదు కాబట్టి అది నిలబడింది.

టెక్కు అనే ఇంకో మాట ఉంది, దాన్ని దీనితో కలిపేసేవాళ్లూ ఉన్నారు. టెక్కు అంటే గర్వం, నీలుగుడు. "ఏంటా టెక్కు?" అంటే ఎందుకంత పొగరు అని. టెక్కు చూపించుకోవడానికి, టక్కు దాచుకోవడానికి. పూర్తిగా ఎదురెదురు పనులు.

ఇప్పుడు వాడాలంటే

రాసేవాళ్లకు ఒక చిన్న ఇబ్బంది ఉంది. టక్కరిలో ఉన్న ఆ ముద్దు వల్ల దాన్ని అన్నిచోట్లా వాడలేం. ఎవరి జీవితకాలపు పొదుపో కొట్టేసినవాణ్ణి టక్కరి అంటే, నష్టపోయినవాళ్ల ఏడుపు పక్కన నిలబడి మనం నవ్వినట్టు ఉంటుంది. పేపర్లు అలాంటివాళ్లను కేటుగాళ్లు, మాయగాళ్లు అంటున్నాయి. నాకు కేటుగాడు కూడా కాస్త తేలిగ్గానే వినిపిస్తుంది. మోసగాడు అంటే చాలు, ఆ మాటకు ఆ బరువు ఉంది.

కానీ టక్కు అనే నామవాచకాన్ని తిరిగి తెచ్చుకోవలసిన చోటు ఒకటి కనిపిస్తోంది. డిజిటల్ అరెస్ట్ అని రెండు మూడేళ్లుగా వింటున్నాం. అలాంటి అరెస్టు చట్టంలో ఎక్కడా లేదు. మొదట కొరియర్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నామని ఒక ఫోన్ వస్తుంది. మీ పేరు మీద వచ్చిన పార్సెల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు. లైను "పోలీసులకు కలుపుతున్నాం" అంటారు. వీడియో కాల్ తెరుచుకుంటే యూనిఫాంలో మనిషి, వెనక గోడ మీద చిహ్నం, బల్ల మీద ఫైళ్లు, ఎక్కడో వైర్‌లెస్ సెట్ గరగర. ఒకడు గద్దిస్తాడు, ఇంకొకడు "పెద్దాయన, పాపం, ఏదైనా దారి చూద్దాం సార్" అని జాలి పడతాడు. కెమెరా ముందు నుంచి లేవొద్దంటారు, ఎవరికీ చెప్పొద్దంటారు. గంటలు గడుస్తాయి, ఒక్కోసారి రోజులు. టెన్షన్‌తో మనిషి గొంతు ఎండిపోతుంది.

ఈ మొత్తానికి మనం "సైబర్ మోసం" అని ఒకే మాట పెట్టేశాం. అది చివర జరిగే దానికి సరైన పేరు. అంతకుముందు నడిచిన నాటకానికి, ఆ ఛద్మవేషానికి, దారిలో తోడొచ్చిన ఠగ్గుల కబుర్ల లాంటి ఆ జాలి మాటలకు పేరు లేదు. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారికి ఇలాగే ఫోన్ వచ్చింది. నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టర్‌నన్న మనిషి మాట్లాడుతుండగా అతని భుజం మీద బ్యాడ్జీ ఒక పక్కకు ఊడి వేలాడుతోందట. మాస్టారు అది చూసి "బాబూ, పిన్ను పెట్టుకో" అని ఫోన్ కట్టేశారు. ఆయన ఒక్క రూపాయి పోగొట్టుకోలేదు. మోసపోయాను అని ఆయన అనరు, అనాల్సిన పనీ లేదు. ఆ నలభై నిమిషాలూ ఆయన చూసింది టక్కు.